బొమ్మలు కాసే కొండ!

దశావతారాలు, ఏనుగు అంబారీ, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు... సంక్రాంతి బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మని చూడని తెలుగువాళ్లుండరు. మరి, ఆ బొమ్మకి కర్రనిచ్చే చెట్టుని ఎప్పుడైనా చూశారా? చూడాలంటే కొండెక్కాలి.

విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డులో వెళ్లి, ఇబ్రహీంపట్నం దగ్గర మైలవరం వైపు మళ్లితే కొండపల్లి వచ్చేస్తుంది. రైల్వేస్టేషన్ కూడా ఉంది. కోట దాకా బండ్లు వెళ్లే దారి ఉన్నా, నడిచి ఎక్కితేనే అందం. కాస్త పైకి వెళ్లేసరికి కింద లారీల మోత సన్నబడుతుంది. ఇక పిట్టల కూతలూ, కాళ్ల కింద ఎండుటాకుల చప్పుడూ... అంతే!

పైన 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజులు కట్టిన కోట. గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు దీన్ని ఏలారు. 1766లో ఇంగ్లిషువాళ్ల చేతికి చిక్కింది. బురుజుల దగ్గర్నుంచి చూస్తే ఒకవైపు అడవి, మరోవైపు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు.

ఆ అడవిలోనిదే మన తెల్లపొణికి. హృదయాకారంలో పెద్ద పెద్ద ఆకులు. తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు. వేసవిలో ఆకులు రాల్చేస్తుంది కాబట్టి వానలు పడ్డాక వెళ్తేనే గుర్తుపట్టడం తేలిక.

దూలానికీ, తలుపుకీ పనికిరానంత మెత్తటి కర్ర ఇది. బొమ్మకి మాత్రం బంగారమే! చెక్కని సన్నటి సెగ మీద తేమ పోయేదాకా ఆరబెడతారు. కాళ్లు, చేతులు, తొండం... దేనికది విడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూసి, ఆరాక రంగులద్దుతారు. రాజస్థాన్ నుంచి వచ్చినవారని చెప్పుకునే ఆర్యక్షత్రియులు తరతరాలుగా చేస్తున్న పని ఇది.

చిక్కంతా ఒక్కటే. చెయ్యి తిరిగిన కళాకారులున్నారు, బొమ్మకి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కర్రకే కరవు. పొణికి బొమ్మకి పనికొచ్చేంత లావెక్కడానికి ఏళ్లు పడుతుంది. నరికినంత వేగంగా నాటింది లేదు. దానికి తోడు తవ్వకాలు. రిజర్వు అడవిలో అక్రమంగా గ్రావెల్ తవ్వుతున్నారన్న ఆరోపణలతో 2021లో పెద్ద గొడవే జరిగింది. చెట్టుని కొట్టేస్తే మరోటి నాటుకోవచ్చు. కొండనే తవ్వేస్తే ఎక్కడ నాటాలి?

వెళ్లాలనుకుంటే ఎండ ముదరకముందే బయల్దేరండి. మంచినీళ్లు వెంట ఉంచుకోండి. ఖాళీ సీసాలు అక్కడ పారేయకండి. దిగాక బొమ్మల కాలనీలో ఆగి, చెక్కేవాళ్ల దగ్గరే ఓ బొమ్మ కొనండి. కొనేముందు 'ఇది పొణికి కర్రేనా?' అని అడగండి. అడిగేవాళ్లుంటేనే ఆ చెట్టుకి విలువ!