మీకు తెలుసా? ప్రొజెక్టర్ దీపం ఆరకముందే ఆయుష్షు తీరుతుంది

ప్రొజెక్టర్ అట్టపెట్టె మీద ‘ల్యాంప్ లైఫ్ 4,000 గంటలు’ అని ఉంటే, 4,001వ గంటకు దీపం ఆరిపోతుందని కాదు. కొత్తలో ఉన్న వెలుగు సుమారు అప్పటికి సగానికి పడిపోతుందని అర్థం. తగ్గేది రోజుకింత కాబట్టి కంటికి తెలియదు. కొత్త ల్యాంప్ బిగించిన రోజే ‘ఇన్నాళ్లూ ఈ మసకలోనా చూశాం!’ అనిపిస్తుంది.

ఈ ల్యాంపులో ఫిలమెంట్ ఉండదు. చిన్న క్వార్ట్జ్ బుడ్డిలో పాదరసం, దాదాపు మిల్లీమీటరు ఎడంలో రెండు టంగ్‌స్టన్ మొనలు, వాటి నడుమ మెరిసే ఆర్క్, అంతే. వెలుగుతున్నప్పుడు లోపలి ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు. గడువు దాటాక కూడా లాగించేస్తే ఒక్కోసారి ఠప్పున పేలుతుంది. అప్పుడు చేయాల్సింది కిటికీలు తెరిచి బయటికి రావడం. పాదరసం ఆవిరి మంచిది కాదు.

ఖర్చు సంగతా? ల్యాంప్ 8,000 రూపాయలనుకుంటే, 4,000 గంటలకు పంచితే గంటకు 2 రూపాయలు. మూడు గంటల సినిమాకు ఆరు. మన ఇళ్లలో అసలు శత్రువు దుమ్ము: ఫిల్టర్ మూసుకుపోతే వేడి పెరిగి ఆ లెక్కంతా తప్పుతుంది. చట్రం లేకుండా విడి బల్బు మాత్రమే కొంటే చవకే కానీ, బిగించేటప్పుడు గాజుకు వేలు తగలనివ్వకండి. చేతి జిడ్డు అంటినచోట క్వార్ట్జ్ దెబ్బతింటుంది.

సినిమా హాళ్ల జెనాన్ ల్యాంపులైతే చల్లగా ఉన్నా లోపల ఒత్తిడితోనే ఉంటాయి. అందుకే వాటిని మార్చేవాళ్లు ముఖానికి షీల్డ్, చేతులకు గ్లౌజులు తొడుక్కుంటారు.