కంప్యూటర్ పలక

దువ్వాడ స్టేషన్‌లో టికెట్ ఇచ్చేది కంప్యూటరే. పొదుపు సంఘం లెక్కలు కూడా ఇప్పుడు కంప్యూటర్‌లోకే ఎక్కుతున్నాయి. అందులో అంకె మారిపోతే?

కంప్యూటర్ దగ్గర ఒక పలక, ఒక పుస్తకం ఉన్నాయనుకోండి. పలక మీద లెక్క వేస్తుంది. తర్వాత పుస్తకంలోకి ఎక్కిస్తుంది. కరెంటు పోతే పలక మీది రాత చెరిగిపోతుంది. పుస్తకంలోది ఉంటుంది. ఆ పలక పేరే మెమరీ. జానెడు కూడా లేని పట్టీ, దాని మీద నల్లటి బిళ్లలు. అంతే.

ఆ బిళ్లల్లో కోట్ల కొద్దీ గళ్లుంటాయి. ఒక్కో గడిలో 1 గాని, 0 గాని ఉంటుంది. వేరే అంకె ఉండదు. 500 రూపాయలను 111110100 అని రాసుకుంటుంది. మొదటి గడి చెడి, అక్కడి 1 కాస్తా 0 అయిందనుకోండి. అప్పుడది 500 కాదు, 244. చూశారా? ఒక్క గడి చెడితే 256 రూపాయలు మాయం! పుస్తకంలోకీ ఆ తప్పే ఎక్కుతుంది.

బ్యాంకుల పెద్ద కంప్యూటర్లలో ఇలాంటి తప్పును పట్టి సరిచేసే మెమరీ ఉంటుంది. మామూలు వాటిలో చాలావాటికి ఆ సదుపాయం లేదు.

సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా. కంప్యూటరూ అంతే. స్విచ్ వేయగానే తన మెమరీని తానే చూసుకుంటుంది. గడిలో ఒక గుర్తు రాస్తుంది. మళ్లీ చదువుతుంది. రాసిందే వస్తే సరే. రాకపోతే కుయ్‌మని కూత పెట్టి ఆగిపోతుంది. 1980లలో, 90లలో చాలా కంప్యూటర్లు ఎంత మెమరీ చూశాయో తెర మీద అంకెల్లో చూపించేవి. అంకెలు చకచకా పెరిగేవి.

ఇప్పుడు మెమరీ బాగా పెరిగింది. అన్ని గళ్లూ చూడాలంటే గంటలు పడుతుంది. అందుకే పైపైన చూసి వదిలేస్తుంది. కుండను ఒక్కచోటే కొట్టినట్టు! కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే పూర్తి పరీక్ష పెట్టాలి. దానికి మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాం 1994 నుంచి ఉంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తప్పులు తెర మీద కనబడతాయి.

తప్పు వచ్చిందని వెంటనే కొత్త పట్టీ కొనక్కర్లేదు. పట్టీ అంచున సన్నని బంగారు పూత గీతలుంటాయి. వాటికి మకిలి పట్టినా తప్పు వస్తుంది. తెలిసినవాళ్లు ముందు కరెంటు తీసేస్తారు. పట్టీని ఊడదీసి, పిల్లలు పెన్సిల్ రాత చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్దుతారు. మళ్లీ గట్టిగా నొక్కి పెడతారు. పరీక్ష మళ్లీ పెడతారు. అప్పుడూ తప్పు చూపిస్తే ఆ పట్టీ మార్చాల్సిందే.