కొడుకు కార్టూ, తండ్రి కష్టమూ

మా అబ్బాయి క్లాసులో ఒక పిల్లాడి పుట్టినరోజు పార్టీని ఈసారి కార్టింగ్ ట్రాక్ దగ్గర పెట్టారు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి వాడి కళ్లు వెలిగిపోతున్నాయి. మర్నాడు పొద్దున దోశ తింటూ, "నాన్నా, నాకో కార్ట్ కొనిపెట్టవా?" అన్నాడు.

మా వారు ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఏం, లూయిస్ హామిల్టన్ అవుదామనా?" అన్నారు.

"అవును. ఆయన కూడా ఎనిమిదేళ్లకే మొదలుపెట్టాడు. నాకూ ఎనిమిదే కదా!"

మా వారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. మేముండేది ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో. హామిల్టన్ పుట్టి పెరిగిన స్టీవెనేజ్ మాకు కూతవేటు దూరం. అయినా ఆయన ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అని తప్ప నాకేమీ తెలియదు. పిల్లాడికి "వద్దు" అని చెప్పాలన్నా కారణం తెలిసి చెప్పాలి కదా అని, ఆ వారమంతా పిల్లలు పడుకున్నాక కూర్చుని చదివాను. చదువుతున్నకొద్దీ నా మనసు కొడుకు కథను వదిలేసి తండ్రి కథ చుట్టూ తిరిగింది.

వలస కుటుంబం

లూయిస్ తాతగారు 1950లలో కరీబియన్ దీవి గ్రెనడా నుంచి ఇంగ్లండ్ వచ్చి లండన్ అండర్‌గ్రౌండ్ రైల్వేలో పనిచేశారు. ఆయన కొడుకు ఆంథనీకి బ్రిటిష్ రైల్‌లో కంప్యూటర్ల విభాగంలో ఉద్యోగం. 1985 జనవరి 7న లూయిస్ పుట్టాడు. బాబుకి రెండేళ్లప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. పన్నెండేళ్లు వచ్చేదాకా తల్లి దగ్గర పెరిగి, తర్వాత తండ్రి దగ్గరికి వచ్చాడు.

మొదలు ఒక రిమోట్ కారు. తండ్రి కొనిచ్చిన ఆ బొమ్మ కారుతోనే, బడి వయసు పిల్లాడు పెద్దవాళ్లతో పోటీపడి జాతీయ పోటీల్లో రెండో స్థానంలో నిలిచాడు. దాంతో ఒక క్రిస్మస్‌కి నిజం కార్ట్ వచ్చింది. కొత్తది కాదు, చాలా చేతులు మారిన పాత బండి. తండ్రే దాన్ని బాగుచేసి ఇచ్చాడు. పెట్టిన షరతు ఒక్కటే: బడిలో బాగా చదవాలి. ఆ షరతు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. గ్రెనడా అయినా గుంటూరు అయినా వలస వచ్చిన ఇంట్లో నాన్నలంతా ఒకటే!

పాత బండికి కూడా ఖర్చు కొత్తదే. టైర్లు, ఇంజిన్, పెట్రోలు, ప్రయాణాలు. ఆంథనీ ఉద్యోగం వదిలి కాంట్రాక్టు పనుల్లోకి దిగాడు. ఒక్కోసారి నాలుగు పనులు చేశాడు. అంట్లు కడిగాడు, ఇళ్ల ముందు అమ్మకపు బోర్డులు పాతాడు. వారాంతం వస్తే కొడుకుతో ట్రాక్ మీదికి.

ట్రాక్‌లో వాళ్లలాంటి నల్లజాతి కుటుంబాలు కనిపించేవి కావు. ఎనిమిదేళ్లప్పటి నుంచే తాను జాత్యహంకారపు మాటలు పడ్డానని లూయిస్ చాలాసార్లు చెప్పాడు. నోటితో కాదు, ట్రాక్ మీద జవాబు చెప్పమన్నది తండ్రి నేర్పిన పాఠం.

ఒక్క మీటరు

నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. పెళ్లయ్యాక ఆ పుస్తకాలు మళ్లీ తెరవలేదు. కానీ కార్ట్ గురించి చదువుతుంటే పాత పాఠాలన్నీ తిరిగొచ్చాయి.

మన ఎద్దులబండికి ఇరుసు కదలదు, దాని మీద రెండు చక్రాలూ దేనికది తిరుగుతాయి. అందుకే బండి మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరిగి సర్దుకుంటాయి. రేసు కార్ట్‌లో అలా కాదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, కలిసే తిరగాలి. మరి మలుపు ఎలా? స్టీరింగ్ తిప్పినప్పుడు ఫ్రేము కాస్త వంగి, లోపలి వెనక చక్రం నేల మీంచి లేవాలి. స్ప్రింగులూ ఉండవు, ఆ ఫ్రేము వంగడమే సస్పెన్షన్. సరిగ్గా లేపగలిగినవాడు జారిపోతాడు, లేపలేనివాడు ఈడ్చుకుంటూ వెళతాడు. పిల్లలు దీన్ని సూత్రాలు చదివి నేర్చుకోరు, ఒంటితో నేర్చుకుంటారు.

ఇక బ్రేకు. వేగం రెట్టింపైతే బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లు. అందుకని మలుపు ముందు ఎక్కడ బ్రేకు వేయాలన్నది పెద్ద లెక్క. ఆంథనీ ఆ లెక్క కాగితం మీద చేయలేదు. ట్రాక్ పక్కన నిలబడి, అందరికంటే వేగంగా పోయే కుర్రాళ్లు ఎక్కడ బ్రేకు వేస్తున్నారో చూశాడు. తర్వాత అంతకంటే ముందుకెళ్లి నిలబడి, ఇక్కడ వెయ్యమని కొడుక్కి చూపించాడు. ఆలస్యంగా బ్రేకు వేస్తే ఒక మలుపులో మిగిలేది సెకనులో వందో వంతులే. కానీ ప్రతి ల్యాపులో, ప్రతి మలుపులో అది పోగుపడుతుంది. హామిల్టన్‌కి ఇప్పటికీ ఉన్న పేరు అదే: అందరికంటే ఆలస్యంగా బ్రేకు వేసేవాడని.

ఫోన్ నంబరు

1995లో, పదేళ్ల వయసులో, లూయిస్ బ్రిటిష్ క్యాడెట్ కార్టింగ్ ఛాంపియన్ అయ్యాడు. ఆ డిసెంబరులో ఆటోస్పోర్ట్ పత్రిక అవార్డుల సభలో మెక్‌లారెన్ జట్టు అధిపతి రాన్ డెన్నిస్ దగ్గరికి వెళ్లి, ఒకనాటికి మీ జట్టు కారు నడుపుతానని చెప్పాడు. ఆయన పిల్లాడి ఆటోగ్రాఫ్ పుస్తకంలో, తొమ్మిదేళ్ల తర్వాత ఫోన్ చెయ్యమని రాశాడు. తొమ్మిదేళ్లు పట్టలేదు. 1998లో మెక్‌లారెన్, మెర్సిడెస్ కలిసి పదమూడేళ్ల లూయిస్‌ని తమ శిక్షణ పథకంలోకి తీసుకున్నాయి.

నేను ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. కథంతా తండ్రి చెమటతో నడిచిందనుకుంటాం. ఆ చెమట కొడుకుని పదమూడేళ్ల దాకా తీసుకొచ్చింది. ఆ పైన కావాల్సిన డబ్బు ఏ మధ్యతరగతి తండ్రీ నాలుగు ఉద్యోగాలు చేసి సంపాదించగలిగేది కాదు.

తర్వాతి మెట్లు చకచకా ఎక్కినట్టు కనిపిస్తాయి. 2003లో బ్రిటిష్ ఫార్ములా రెనో ఛాంపియన్. 2004లో యూరో ఫార్ములా త్రీలో మాత్రం ఐదో స్థానం. 2005లో అదే పోటీలో 20 రేసుల్లో 15 గెలుపులు. 2006లో జీపీ2 టైటిల్. 2007లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టి, మొదటి తొమ్మిది రేసుల్లోనూ మొదటి మూడు స్థానాల్లో ఏదో ఒకటి దక్కించుకున్నాడు. జూన్‌లో కెనడాలో తొలి విజయం. ఆ ఏడాది ఛాంపియన్ పట్టం ఒక్క పాయింటులో చేజారింది. మరుసటి ఏడాది బ్రెజిల్‌లో, చివరి ల్యాపు చివరి మలుపుల్లో దక్కిన స్థానంతో, అదే ఒక్క పాయింటు తేడాతో గెలిచాడు.

కథలో చెప్పనివాళ్లు

2010లో లూయిస్ తన తండ్రిని మేనేజరు బాధ్యతల నుంచి తప్పించాడు. ఇకమీద తాము తండ్రీకొడుకులుగా ఉంటే చాలనుకున్నాడు. తర్వాత ఇద్దరూ మళ్లీ దగ్గరయ్యారు. కానీ చదువుతుంటే నా గుండె కలుక్కుమంది. అన్నేళ్లు ట్రాక్ పక్కన నిలబడిన మనిషికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది? తండ్రి గురువై, మెకానిక్కై, మేనేజరై, చివరికి తండ్రిగా మిగిలే చోటు ఇరుకైపోతుందేమో.

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రయోగాల పుస్తకంలో బాగా వచ్చిన రీడింగ్ ఒక్కటే రాసి మిగతావి చెరిపేస్తే మా లెక్చరర్ ఊరుకునేవారు కాదు. విజేతల కథలు చదివేటప్పుడు మనం చేసేది అదే. రెండో ఉద్యోగం చేసిన తండ్రులు, ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రులు ఎందరో ఉంటారు. వాళ్ల పిల్లల పేర్లు మనకు తెలియవు. పెట్టిన కష్టం తక్కువై కాదు.

ఇదంతా మా వారితో చెప్పాను. కార్ట్ కొనకూడదని ఇద్దరం అనుకున్నాం. అలాగని పూర్తిగా వద్దనలేదు. నెలకోసారి అద్దె కార్ట్, హోంవర్కు పూర్తయితేనే. ఆంథనీ షరతు మాకూ పనికొచ్చింది.

మొన్న ఆదివారం తీసుకెళ్లాం. మా వారు కంచె పక్కన చేరి, "ఇంకా ముందుకెళ్లి బ్రేకు వెయ్యరా!" అని అరవడం మొదలుపెట్టారు. నేను చెప్పిందంతా ఆయన బాగానే విన్నారన్నమాట! రెండు రౌండ్లయ్యాక మావాడు హెల్మెట్ తీసి, "నాన్నా, ఏం చెప్పొద్దు, ఊరికే చూడు," అన్నాడు.

ఆయన ఒక్క క్షణం వాడి వంక చూసి, వెళ్లి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. వాడు ఆ రోజు నాలుగోవాడిగా వచ్చాడు. ఇంటికొచ్చేదాకా కారులో ఆ నాలుగో స్థానం గురించే మాట్లాడుతూ ఉన్నాడు.