డ్రాఫ్ట్‌లో ముందు వంతు కోసం ఎంత ఇవ్వచ్చు?

పిల్లలూ! ఏప్రిల్ నెల వచ్చిందంటే అమెరికాలో ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఒక వాదన మొదలవుతుంది. "మన జట్టు డ్రాఫ్ట్‌లో ట్రేడ్ అప్ చెయ్యాలా, వద్దా?" అని. బడి బస్సులోనో, లంచ్ టేబుల్ దగ్గరో మీరు కూడా ఈ మాట వినే ఉంటారు. ఈ పాఠంలో ఆ ప్రశ్ననే తెలుగులో మాట్లాడుకుందాం. పాఠం అయ్యాక మీ తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్‌లో మీరే వివరించి చెప్పాలి. సరేనా?

ముందుగా ఒక మాట. మీ తాతయ్యకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. మనం చెప్పుకునేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డులా కోలగా ఉండే బంతితో ఆడతారు. దాని పెద్ద లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. అందులో 32 జట్లు ఉన్నాయి.

డ్రాఫ్ట్ అంటే ఏమిటి?

కాలేజీలో బాగా ఆడిన కుర్రాళ్ళను ఈ 32 జట్లు వరసగా ఎంచుకుంటాయి. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. మొదటి డ్రాఫ్ట్ 1936లో జరిగింది. ఇప్పుడు ఏడు రౌండ్లు ఉంటాయి. మామూలుగా ప్రతి రౌండ్‌లో ప్రతి జట్టుకూ ఒక వంతు. గత ఏడాది అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుది మొదటి వంతు. సూపర్ బౌల్ గెలిచిన జట్టుది చివరి వంతు. చదువులో వెనకబడిన పిల్లలను టీచరు ముందు బెంచీలో కూర్చోబెడతారు చూడండి, ఇదీ అలాంటిదే. బలహీనమైన జట్టు కూడా పైకి రావాలని ఈ ఏర్పాటు.

మీ ఇంట్లో ఐపీఎల్ చూస్తారా? అక్కడ వేలం పాట ఉంటుంది. ఎవరు ఎక్కువ డబ్బు పెడితే ఆటగాడు వాళ్ళకే. 2023 డిసెంబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు ప్యాట్ కమిన్స్‌ను 20.5 కోట్ల రూపాయలకు పాడుకుంది. డ్రాఫ్ట్‌లో అలా కుదరదు. మీ జట్టు దగ్గర ఎంత డబ్బున్నా సరే, వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. ఈలోగా మీరు కళ్ళల్లో పెట్టుకున్న ఆటగాణ్ణి ముందున్నవాళ్ళు ఎగరేసుకుపోవచ్చు.

మరి ఆగలేకపోతే?

అప్పుడు ముందున్న జట్టుతో బేరం ఆడాలి. "మీ వంతు మాకివ్వండి. బదులుగా మా వంతు, దాంతోపాటు ఇంకో రెండు వంతులు మీకిస్తాం" అని అడగాలి. ఇలా ముందుకు జరగడమే ట్రేడ్ అప్. ఇక్కడ ధర ఎక్కువగా వంతుల రూపంలోనే ఉంటుంది. ఈ ఏడాది వంతులు చాలకపోతే వచ్చే ఏడాదివి కూడా ఇచ్చేస్తారు.

ఏ వంతు విలువ ఎంత అని ఎలా తెలుస్తుంది? 1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ పేరు మీద ఒక పట్టిక వచ్చింది. అందులో 1వ వంతుకు 3000 పాయింట్లు. 10వ వంతుకు 1300. 27వ వంతుకు 680. 32వ వంతుకు 590. అంటే మొదటి వంతు ఒక్కటే 32వ వంతులాంటివి అయిదింటికి సమానం! ఇప్పుడు జట్లు కొత్త పట్టికలు కూడా తయారు చేసుకున్నాయి కానీ, బేరం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే.

లాభం వచ్చిన బేరం

2017లో కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టుది 27వ వంతు. వాళ్ళకు పాట్రిక్ మహోమ్స్ అనే క్వార్టర్‌బ్యాక్ కావాలి. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, ఎవరికి విసరాలో క్షణంలో నిర్ణయించే ఆటగాడు. అతను 27వ వంతు దాకా మిగలడని చీఫ్స్‌కు అనిపించింది. 10వ వంతు బఫలో బిల్స్ చేతిలో ఉంది. చీఫ్స్ వాళ్ళకు మూడు వంతులు ఇచ్చారు: తమ 27వ వంతు, మూడో రౌండ్‌లోని 91వ వంతు, 2018లో రాబోయే మొదటి రౌండ్ వంతు.

లెక్క వేద్దాం. 27వ వంతుకు 680, 91వ వంతుకు 136. కలిపితే 816. కావలసినవి 1300. తక్కువైన 484 పాయింట్ల కోసం వచ్చే ఏడాది మొదటి రౌండ్ వంతు ఇచ్చారన్నమాట. ఫలితం మీకు తెలిసిందే. మహోమ్స్‌తో చీఫ్స్ 2020, 2023, 2024 సంవత్సరాల్లో సూపర్ బౌల్ గెలిచారు. "ఆలస్యం అమృతం విషం" అని మన సామెత. ఆలస్యం చేస్తే అమృతం కూడా విషమవుతుందట. చీఫ్స్ ఆలస్యం చెయ్యలేదు.

నష్టం వచ్చిన బేరం

ఈ కథ విని "అయితే ట్రేడ్ అప్ చెయ్యాల్సిందే!" అనకండి. ఇంకో కథ ఉంది.

2021లో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టుది 12వ వంతు. వాళ్ళు మయామీ డాల్ఫిన్స్ నుంచి 3వ వంతు తీసుకున్నారు. బదులుగా తమ 12వ వంతు, 2022 మొదటి రౌండ్ వంతు, 2023 మొదటి రౌండ్ వంతు, 2022 మూడో రౌండ్ వంతు ఒకటి ఇచ్చారు. మొత్తం నాలుగు. ఆ 3వ వంతుతో ట్రే లాన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకున్నారు. 2022 సెప్టెంబరులో పాపం అతని చీలమండ విరిగింది. ఆ జట్టు తరఫున అతను మొదలుపెట్టిన ఆటలు నాలుగే నాలుగు. 2023లో అతన్ని డాలస్‌కు పంపించేశారు. బదులుగా వచ్చింది ఒక్క నాలుగో రౌండ్ వంతు.

అసలు విచిత్రం ఇప్పుడు వినండి. అదే జట్టు 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివరి వంతుతో, అంటే 262వ వంతుతో, బ్రాక్ పర్డీ అనే కుర్రాణ్ణి తీసుకుంది. చివరి వంతులో వచ్చిన ఆటగాణ్ణి ఇక్కడ "మిస్టర్ ఇర్రెలవెంట్" అని సరదాగా పిలుస్తారు. అంటే ఉన్నా లేనట్టే అని. ఆ పర్డీయే 2024 ఫిబ్రవరిలో జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళాడు. ఎదురుగా ఎవరు? చీఫ్స్, మహోమ్స్! ఆట ఓవర్‌టైమ్ దాకా వెళ్ళింది. చీఫ్స్ 25–22తో గెలిచారు.

ఒక వైపు ముందుకు జరిగి తెచ్చుకున్న ఆటగాడు. ఇంకో వైపు ఎవరూ అడగకుండా చివర మిగిలిన ఆటగాడు. ఇద్దరూ ఒకే మైదానంలో సమానంగా పోరాడారు. ఎవరు మంచి ఆటగాడవుతాడో ముందే చెప్పడం ఎంత కష్టమో చూశారా?

ఎంత కష్టం?

రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అని ఇద్దరు పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. థేలర్‌కు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిని తీసుకోండి. ముందు ఎంపికైనవాడు, ఆ స్థానంలో అతని తర్వాత ఎంపికైనవాడి కంటే మంచి ఆటగాడయ్యే అవకాశం ఎంత? 90 శాతం అనుకుంటున్నారా? దాదాపు 52 శాతమే అని తేలింది. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశమే 50 శాతం! అంటే జట్లు చాలాసార్లు "మాకు తెలుసు" అనే నమ్మకానికి ఎక్కువ ధర కడుతున్నాయని వాళ్ళు చెప్పారు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం

వచ్చే ఏడాది వంతు ఇచ్చేయడం అప్పు చెయ్యడం లాంటిది. దీనికి మన దగ్గర మంచి సామెత ఉంది: "అప్పు చేసి పప్పు కూడు". అప్పు తెచ్చి మరీ పప్పన్నం తిన్నారట! తినేటప్పుడు బాగానే ఉంటుంది. తీర్చేటప్పుడే తెలుస్తుంది.

1999లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ కోచ్ మైక్ డిట్కా 5వ వంతు కోసం ఆ ఏడాది జట్టుకు ఉన్న వంతులన్నీ ఇచ్చేశాడు. దాంతోపాటు 2000లో మొదటి రౌండ్, మూడో రౌండ్ వంతులు కూడా వాషింగ్టన్ జట్టుకు ఇచ్చాడు. అన్నీ ఒక్క రికీ విలియమ్స్ కోసం! విలియమ్స్ మంచి ఆటగాడే. కానీ ఒక్కడు ఏం చెయ్యగలడు? ఆ సీజన్‌లో జట్టు 3 ఆటలు గెలిచి 13 ఓడింది. డిట్కా ఉద్యోగం పోయింది. అంత ఎక్కువ ఓడారు కాబట్టి, 2000లో వాళ్ళ మొదటి వంతు ఏకంగా 2వ వంతు అయింది. అది ఎవరి చేతిలో ఉంది? వాషింగ్టన్ చేతిలో!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బలహీనమైన జట్టు వచ్చే ఏడాది వంతు ఇచ్చేస్తే, మళ్ళీ ఓడిన కొద్దీ ఆ వంతు విలువ పెరుగుతుంది. చీఫ్స్ అప్పటికే బాగా ఆడుతున్న జట్టు. అందుకే వాళ్ళు బిల్స్‌కు ఇచ్చిన 2018 వంతు 22వది అయింది. ఒకే రకం అప్పు, కానీ ఒకరికి తక్కువ వడ్డీ పడింది, ఇంకొకరికి చాలా ఎక్కువ పడింది.

మరి ఏం చెయ్యాలి?

నా అభిప్రాయం చెబుతాను. మామూలుగా ట్రేడ్ అప్ వద్దు. ఎవరు రాణిస్తారో సరిగ్గా చెప్పలేనప్పుడు, ఒక్కడి మీద అంతా పెట్టడం కంటే ఎక్కువ వంతులు దగ్గర ఉంచుకోవడం మేలు. "నిదానమే ప్రధానం" అన్నారు పెద్దలు. కానీ ఈ మూడు ప్రశ్నలకూ "అవును" అని జవాబు వస్తే చెయ్యచ్చు.

1. ఆ ఒక్క ఆటగాడు జట్టు మొత్తాన్ని మార్చగలడా? క్వార్టర్‌బ్యాక్ అయితే మార్చగలడు. మిగతా స్థానాల్లో అది అరుదు.
2. అతని చుట్టూ మంచి జట్టు ఇప్పటికే ఉందా?
3. మన ఎంపిక తప్పయినా మళ్ళీ లేచి నిలబడటానికి వంతులు మిగులుతాయా?

చూశారా, "ఆలస్యం అమృతం విషం" అని చెప్పింది మనవాళ్ళే. "నిదానమే ప్రధానం" అన్నదీ మనవాళ్ళే. రెండూ నిజమే. ఏది ఎప్పుడు పనికొస్తుందో తెలుసుకోవడమే తెలివి. ఈసారి మీ స్నేహితులు వాదనకు దిగితే "ఎవరు కావాలి?" అనే దగ్గరే ఆగిపోకండి. "బదులుగా ఏం ఇస్తున్నాం?" అని కూడా అడగండి.

కొత్త పదాలు

వంతు: వరసలో మనకు వచ్చే అవకాశం
బేరం: ఇచ్చిపుచ్చుకోవడం గురించి మాట్లాడుకోవడం
వేలం పాట: ఎక్కువ ధర చెప్పినవారికి అమ్మే పద్ధతి
చీలమండ: కాలు, పాదం కలిసే చోటు
వడ్డీ: అప్పు తీర్చేటప్పుడు అదనంగా ఇచ్చే డబ్బు
నిదానం: తొందర లేకపోవడం

ఆలోచించండి – రాయండి

1. డ్రాఫ్ట్‌కూ వేలం పాటకూ తేడా ఏమిటి? మూడు వాక్యాల్లో రాయండి.
2. 10వ వంతు ఇచ్చి 1వ వంతు తెచ్చుకోవాలంటే ఇంకా ఎన్ని పాయింట్లు కావాలి?
3. మీకు నచ్చిన జట్టుకు మూడు ప్రశ్నలూ వేసి చూడండి. ట్రేడ్ అప్ చెయ్యాలా, వద్దా? కారణాలతో రాయండి.
4. ఈ పాఠంలోని మూడు సామెతలను మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి. వాళ్ళకు తెలిసిన ఇంకో సామెత అడిగి రాసుకుని రండి.