రాలిన తూటా ఎక్కడ పడింది?

మా నూజివీడు ప్రాంతంలో పుట్టినవాడికి రెండు విద్యలు ఎవరూ నేర్పకుండానే రావాలి. ఒకటి, రసం పండును టెంకదాకా పీల్చి, చొక్కామీద చుక్క పడకుండా లేవడం. రెండవది, రాలిన కాయను చూసి చెట్టుకు ఏమి వచ్చిందో చెప్పడం. మొదటిది ఈ డెబ్బయ్యో యేట కూడా నాకు పట్టుబడలేదని మా యింటావిడ అంటుంది. రెండవది మాత్రం నాకు అన్నం పెట్టింది. అదీ తోటలో కాదు. ఇరవై యేళ్లపాటు మిలిటరీలో, రైఫిళ్లు బాగుచేసే పనిలో.

మామిడికాయకూ రైఫిలుకూ సంబంధమేమిటని మీరు నవ్వవచ్చు. కిందటి వేసవిలో నా మనవడు కూడా నవ్వాడు.

మా పెద్దమ్మాయి కొడుకు పోలీసు పటాలంలో చేరి యేడాది అయింది. నాలుగు రోజులు సెలవు దొరికితే ఊరికి వచ్చాడు. వాళ్ల అమ్మమ్మ పళ్లెం నిండా చిన్నరసాలు తెచ్చి ముందుపెట్టింది. వాడు ఒక పండు చేతిలోకి తీసుకుని మెత్తగా నలుపుతూ కూర్చున్నాడేగాని నోట పెట్టలేదు. ఇది మా యింట ఎన్నడూ జరగని వింత.

"ఏమిరా, పండు పుల్లగా ఉందా?" అన్నాను.

"పండు కాదు తాతయ్యా, నా రైఫిలుతో వచ్చింది గొడవ. ఖాళీ తూటాలు ఒకచోట పడటం లేదు. ఒకటి పక్కనే పడుతుంది. ఇంకొకటి ఎక్కడో ముందుకు పోతుంది. మొన్న ఒకటి వచ్చి నా మెడమీదే పడి చుర్రుమంది. అందరి లెక్కా సరిపోతుంది. నా లెక్క దగ్గరికి వచ్చేసరికి గంటసేపు గడ్డిలో వెదకాలి. నువ్వు రైఫిలు వదులుగా పట్టుకుంటున్నావు, తప్పు నీ చేతిలో ఉందంటున్నారు. వచ్చేనెలలో మళ్లీ పరీక్ష కాల్పులున్నాయి."

నా చేతిలో పండు అలాగే ఉండిపోయింది. 1979లో నేను ఇంకొక కుర్రవాణ్ణి సరిగ్గా ఇదే మాట అన్నాను.

ఇత్తడి లెక్క

తెలియనివారికోసం ఒక సంగతి చెప్పాలి. సైన్యంలోనూ పోలీసులోనూ చాందుమారీకి వెళితే, ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖాళీ ఇత్తడి తొడుగులూ తిరిగి అప్పగించాలి. వాటిని హిందీలో 'ఖోకా' అంటారు. ఇరవై కాలిస్తే ఇరవై ఖోకాలు. పందొమ్మిది తెచ్చావంటే ఆ ఇరవయ్యోది కాల్చావా, దాచావా అన్న ప్రశ్న వస్తుంది. దాచిన తూటా ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు? కనుక ఆ లెక్క న్యాయమైనదే. కాని లెక్క తప్పినవాడి బాధ వాడికే తెలుసును.

నేను 1974లో సైన్యంలో చేరి, సికింద్రాబాదులో ఇ.ఎం.ఇ. శిక్షణ పొంది, ఆర్మరరు నయ్యాను. ఆ రోజుల్లో మా సిపాయిల చేతిలో ఉన్నది 7.62 మిల్లీమీటర్ల సెల్ఫ్ లోడింగ్ రైఫిలు. అందరూ 'ఎస్సెల్లార్' అనేవారు. బెల్జియంలోని ఎఫ్.ఎన్. కంపెనీవారి నమూనానుబట్టి, కలకత్తా దగ్గర ఇచ్ఛాపూరు ఫ్యాక్టరీలో తయారయ్యేది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మనవాళ్లలో చాలామంది చేతిలో పాత .303 రైఫిలే ఉండేది. దానికి ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగి తొయ్యాలి. ఎస్సెల్లార్‌కు ఆ పని లేదు. ఘోడా ఒకసారి నొక్కితే ఒక గుండు పోతుంది; ఖాళీ తొడుగు బయటపడటం, కొత్త తూటా లోపలికి పోవడం దానంతటదే జరుగుతుంది. 1990లనుంచి సైన్యంలో ఇన్సాస్ రైఫిలు దాని స్థానంలోకి వచ్చినా, పోలీసు బలగాలలో అక్కడక్కడ ఎస్సెల్లార్ ఇంకా కొలువు చేస్తూనే ఉన్నది.

దానంతటదే ఎలా జరుగుతుంది? మందు మండగానే పుట్టిన గ్యాసు గుండును ముందుకు తోస్తుంది. గొట్టం పైభాగాన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. గుండు ఆ రంధ్రం దాటగానే కొంత గ్యాసు అందులోంచి పైకి వెళ్లి ఒక పిస్టన్‌ను వెనక్కి కొడుతుంది. పిస్టన్ దెబ్బకు లోపలి బ్లాకు తాళం విడి వెనక్కి వస్తుంది. ఆ బ్లాకుకు ముందువైపు ఒక చిన్న కొక్కెం ఉంటుంది. దానిపేరు ఎక్స్‌ట్రాక్టరు. అది ఇత్తడి తొడుగు అంచు పట్టుకుని బయటికి లాగుతుంది. వెనక్కి వచ్చే దారిలో కదలకుండా నిలిచిన ఒక ఉక్కు ముక్క ఉంటుంది, అది ఎజెక్టరు. తొడుగు అడుగుభాగం ఒకపక్క దానికి తగులుతుంది, రెండవపక్క కొక్కెం పట్టుకునే ఉంటుంది. దాంతో తొడుగు గిర్రున తిరిగి, కుడివైపు కిటికీలోంచి బయటికి ఎగురుతుంది. ఇదంతా మనం కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది.

తొడుగు ఇత్తడితో ఎందుకు చేస్తారంటే, వేడికీ ఒత్తిడికీ ఇత్తడి ఉబ్బి గొట్టం గోడకు అంటుకుని గ్యాసు వెనక్కి రాకుండా మూస్తుంది. ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకుని ఊడివస్తుంది. పైగా ఇత్తడి మెత్తన. ఏది తగిలినా దానిమీద గుర్తు మిగులుతుంది. ఆ గుర్తులు చదవడమే మా విద్య.

నా తప్పు

1979 వేసవిలో మేము రాజస్థాన్ ఎడారిలో ఉన్నాము. నాకు సెలవు మంజూరైంది. మామిడిపళ్ల కాలానికి ఇల్లు చేరాలని మనసు ఎప్పుడో రైలెక్కింది. బయలుదేరేముందు ముప్ఫై రైఫిళ్లు పరీక్షించి, అన్నీ సరిగ్గా ఉన్నవని పుస్తకంలో రాయాలి. ఎక్స్‌ట్రాక్టరు విప్పడానికి చిన్న పనిముట్టు కావాలి, ఓపికా కావాలి. ఆ రోజు పనిముట్టు ఉన్నది, ఓపిక లేదు. కొన్నింటికి పైపైన తుడిచి, నూనె రాసి, సంతకం పెట్టేశాను.

మర్నాడు చాందుమారీలో శ్రీకాకుళంవైపు కుర్రవాడొకడు ఇరవై తూటాలు కాల్చాడు. పందొమ్మిది ఖోకాలే దొరికాయి. సుబేదారు నన్ను పిలిచి, "ఇతని రైఫిలు ఎలా ఉంది?" అని అడిగాడు. "రైఫిలు బాగుంది సాబ్. నిన్ననే చూశాను. ఇతనే వదులుగా పట్టుకున్నాడు," అన్నాను. ఆ కుర్రవాడు నావైపు చూసి, "అన్నా, గట్టిగానే పట్టుకున్నానన్నా," అన్నాడు, తెలుగులో. నేను మాట్లాడలేదు.

చీకటి పడేదాకా ఇరవైమంది ఇసుకలో మోకాళ్లమీద వెదికారు. దొరకలేదు. కుర్రవాణ్ణి మర్నాడు విచారణకు నిలబెడతామన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న గుర్తుకు వచ్చాడు. ఆయన నూజివీడు దగ్గర తోటలకు కాపలా కాసేవాడు. గాలివాన వెలిసిన మరునాడు నన్ను వెంటబెట్టుకుని చెట్లకింద తిరిగేవాడు. "కాయను చూస్తే సగమే తెలుస్తుందిరా, పడిన చోటు కూడా చూడాలి," అనేవాడు. కాయలన్నీ గాలివాలుకు ఒకే పక్క పడితే అది గాలి పని. అన్నీ కొమ్మకింద నిటారుగా పడితే లోపల పురుగు ఉందో, చెట్టుకు నీరు చాలలేదో చూడాలి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, సగం కొరికి చిందరవందరగా పడితే కోతి వచ్చినట్టు.

మేమందరమూ వెదికింది ఎక్కడ? ఖోకాలు మామూలుగా పడే కుడిపక్కన. కోతి పారేసిన కాయను గాలివాలులో వెదికాము!

తెల్లవారకముందే లేచి, అనుమతి తీసుకుని, పందొమ్మిది ఖోకాలనూ దీపం దగ్గర పరిచాను. ఏడింటికి అంచు చీరుకుపోయి ఉంది. కొక్కెం పట్టు తప్పి జారిన గుర్తు అది. పట్టు తప్పిన తొడుగు కుడికే పోవాలని నియమమేమీ లేదు. కిటికీ అంచుకు కొట్టుకుని ఎటైనా పోవచ్చు. సూర్యుడు వచ్చేవేళకు కాల్పుల స్థానం చేరి, ముందువైపు ఇసుక బస్తాల మడతలు ఒక్కొక్కటే విప్పి చూశాను. నాలుగవ బస్తా మడతలో ఇరవయ్యోది తళుక్కుమంది.

కోత్‌లో రైఫిలు తీయించి, లోపల తూటా లేదని ముందు రూఢి చేసుకుని, కొక్కెం విప్పాను. దానికింద పాత నూనె, మసి, ఇసుక కలిసి చీమల పుట్టలా గడ్డకట్టి ఉన్నాయి. కొక్కెం పూర్తిగా దిగటంలేదు. స్ప్రింగు కూడా నీరసించింది. నేను పైన రాసిన నూనె ఇంకొంచెం ఇసుకను పిలిచింది. అంతకుమించి చేసిందేమీ లేదు.

సుబేదారు ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఖోకాను చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఖోకా దొరికింది, మంచిది. నీ సెలవు పోయింది, అదీ మంచిదే," అన్నాడు. ఆ యేడు నేను రసం రుచి చూడలేదు. సంగతి రాస్తే మా నాన్న ఎవరిచేతనో జవాబు రాయించాడు: "కాపలావాడు నిద్రపోయి చెట్టును తిట్టినట్టుంది నీ పని."

ఆడలేక మద్దెల వోడన్నదని సామెత. మద్దెల నిజంగానే వోడయినప్పుడు ఆడినదాన్ని తిట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను.

మనవడికి చెప్పినది

ఇదంతా విన్న తరువాత మనవడు నవ్వడం మానేశాడు. పళ్లెం పక్కకు జరిపి, నేల మీద మామిడి టెంకలు పరిచి వాడికి పాఠం చెప్పాను.

"ఖాళీ తూటాలన్నీ నీరసంగా దగ్గరే పడుతున్నాయా, కొన్ని కిటికీలోనే ఇరుక్కుంటున్నాయా? అయితే గ్యాసు చాలటంలేదు. పిస్టను మసిబారిందేమో, గొట్టం మొదట్లో తూటా కూర్చునే గది మురికిగా ఉందేమో ముందు చూడాలి. అన్నీ శుభ్రంగా ఉంటే గ్యాసు రెగ్యులేటరు సరిచెయ్యాలి. ఎస్సెల్లార్‌లో ఆ కట్టు విప్పితే గ్యాసు బయటికి పోతుంది, బిగిస్తే పిస్టనుకు అందుతుంది. విప్పి మొదలుపెట్టి ఒక్కొక్క గాటే బిగిస్తూ కాల్చి చూడాలి. తడబడకుండా నడిచే గాటు దొరికాక, దుమ్ముకూ మసికీ వోర్చుకోవడానికి మరి రెండు గాట్లు బిగించాలి.

"అన్నీ మరీ దూరంగా, మరీ బలంగా పోతున్నాయా? గ్యాసు ఎక్కువైంది. అప్పటికి బాగానే ఉన్నట్టుంటుంది గాని, లోపలి భాగాలు తొందరగా అరుగుతాయి.

"ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కుకు పోతున్నాయా? అప్పుడు గ్యాసు కట్టు జోలికి పోవద్దు. గ్యాసు తప్పయితే అన్నీ ఒకే తీరున తప్పుతాయి. ఇది పట్టు తప్పడం. కొక్కెం, దాని స్ప్రింగు, దానికింద మురికి, ఎజెక్టరు కొన విరిగిందా అన్నది, ఈ వరుసలో చూడాలి. రెండు రకాల తూటాలు కలిశాయేమో కూడా అడగాలి."

"మరి నా చేతి సంగతి?" అన్నాడు వాడు.

"అది తేల్చడం అన్నిటికంటె సులువు. ఒకే పెట్టెలోని తూటాలు తీసుకో. నీ రైఫిలు ఇంకొకరిచేత కాల్పించు. వారి రైఫిలు నువ్వు కాల్చు. చిందరవందర నీవెంట వస్తే తప్పు నీ చేతిది. రైఫిలు వెంట పోతే రైఫిలుది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మార్చావంటే ఏది కారణమో బ్రహ్మకూ తెలియదు. ఇంకొక మాట. రైఫిలు నువ్వు విప్పకు. అంచు చీరిన ఖోకాలు రెండు మీ ఆర్మరరుకు మర్యాదగా చూపించు. తప్పు ఆయనదని అనకు. చూడమను, అంతే."

వాడు వెళ్లిన పన్నెండో రోజున ఫోను చేశాడు. రైఫిళ్లు మార్చి కాల్చి చూశారట. చిందరవందర వాడివెంట రాలేదు, రైఫిలు వెంటే పోయింది. ఆర్మరరు కొక్కెం విప్పి, శుభ్రంచేసి, స్ప్రింగు కొత్తది వేశాడట. ఇప్పుడు ఖాళీ తూటాలన్నీ కుడిపక్కన ఒక దుప్పటి పరిచినంత చోటులో పడుతున్నాయట. పరీక్ష కూడా గట్టెక్కాడు.

"ఆర్మరరుగారు ఏమన్నారురా?" అన్నాను.

"ఏమీ అనలేదు తాతయ్యా. పుస్తకంలో పాత సంతకం చూసుకుని, కాసేపు తలవంచుకుని కూర్చున్నారు. తరువాత మా అందరి ముందూ, ఈ కుర్రవాడి చెయ్యి బాగానే ఉందని చెప్పారు."

ఆయనెవరో నాకు తెలియదు. అయినా ఆ మర్నాడు పొద్దున్నే తోటకు వెళ్లి, గడ్డి పరిచిన బుట్టలో చివరి కోత పెద్దరసాలు రెండు వరసలు పేర్చి, మనవడి చిరునామాకు బస్సులో వేయించాను. పైవరస వాడికి, కిందవరస ఆయనకు.