గాడ్జిల్లాతో గడ్డిలోకి!

'2 ఫాస్ట్ 2 ఫ్యూరియస్' (2003)లో పాల్ వాకర్ తోలిన స్కైలైన్ జీటీ-ఆర్ గుర్తుందిగా? దాని వారసుడు నిస్సాన్ జీటీ-ఆర్, ముద్దుపేరు గాడ్జిల్లా, ఓ మిత్రుడి పుణ్యమా అని నా చేతికొచ్చింది!

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందుతుంది, ఇంకేం భయం అనుకున్నాను. నా పాత చిన్న కారుకి బ్రేకు వేసే చోటే దీనికీ వేశాను. అబ్బే! వేగం ఎక్కువ, బరువు టన్నున్నర పైమాటే. స్టీరింగు తిప్పినా ముక్కు తిరగదే! నేరుగా గడ్డిలోకి...

ఆ నాలుగు చక్రాల బలం మలుపు దాటాక దూసుకెళ్లడానికేగానీ, ఆగడానికి కాదు సుమా! ఆ తర్వాత ముందుగానే, కారు తిన్నగా ఉండగానే బ్రేకు వేశాను. ముక్కు తిరిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు మెల్లిగా యాక్సిలరేటర్ తొక్కాను.

"దారికొచ్చావ్ గురూ!" అన్నాడు మిత్రుడు, బంపర్లో ఇరుక్కున్న గడ్డి పీకుతూ.