కోల్‌కతా మైదానం నుంచి సందక్‌ఫూ దాకా: పరుగుబాటల మంచిచెడ్డలు తేల్చేది గాలే

కోల్‌కతా: పశ్చిమ బెంగాల్‌లో పరుగు సాధన చేసేవారికి రెండు భిన్నమైన బాటలున్నాయి. ఒకటి సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా లేని కోల్‌కతా మైదానం. రెండోది 3,636 మీటర్ల ఎత్తున నేపాల్ సరిహద్దులో ఉన్న సందక్‌ఫూ కొండబాట. మొదటిచోట ఊపిరికి కావలసినంత ప్రాణవాయువు ఉంది, కానీ చలికాలంలో ఆ గాలి మురికిగా ఉంటుంది. రెండోచోట గాలి నిర్మలంగా ఉంటుంది, కానీ పలచబడిపోతుంది. పరుగు ప్రియులు ఏటా ఎదుర్కొనే ఈ చిక్కుకు కారణాలేమిటి, జాగ్రత్తలేమిటి అన్నది తెలుసుకోవడం అవసరం.

కోట కోసం ఖాళీ చేసిన నేల

గంగానది తెచ్చిన ఒండ్రుమట్టిపై వెలసిన కోల్‌కతాలో కొండలు లేవు, ఎత్తుపల్లాలూ దాదాపు లేవు. కేబీఆర్ పార్కు చుట్టూ, ఫ్లైఓవర్లపైనా ఎక్కుతూ దిగుతూ పరుగెత్తే హైదరాబాద్ రన్నర్లకు ఈ నగరం బల్లపరుపుగా కనిపిస్తుంది. ఇంత జనసమ్మర్దం ఉన్న నగరం నడిబొడ్డున సుమారు 400 హెక్టార్ల ఖాళీ స్థలం మిగలడానికి కారణం క్రీడాభిమానం కాదు, యుద్ధభయం.

1757లో ప్లాసీ యుద్ధం ముగిశాక ఈస్టిండియా కంపెనీ కొత్తగా ఫోర్ట్ విలియమ్ కోట నిర్మాణాన్ని తలపెట్టింది. 1758లో రాబర్ట్ క్లైవ్ హయాంలో పనులు ఆరంభమయ్యాయి. గోవిందపూర్ గ్రామవాసులను అక్కడి నుంచి తరలించారు, చుట్టూ ఉన్న అడవిని నరికించారు. కోటపై నుంచి ఫిరంగులు పేల్చినప్పుడు గుళ్లకు ఏదీ అడ్డు రాకూడదన్నదే ఉద్దేశం. ఫిరంగుల కాలం గడిచిపోయినా ఖాళీ నేల మిగిలింది. నేటికీ అది భారత సైన్యం అధీనంలోనే ఉంది. తూర్పు కమాండ్ ప్రధాన కార్యాలయం ఉన్న ఆ కోటను ఇప్పుడు విజయ్ దుర్గ్ అని వ్యవహరిస్తున్నారు.

మైదానం మధ్య నుంచి సాగే రెడ్ రోడ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలకు రన్‌వేగా ఉపయోగపడింది. గణతంత్ర దినోత్సవ కవాతు, ఈద్ ప్రార్థనలు అక్కడే జరుగుతాయి. తెల్లవారకముందే రన్నర్ల బృందాలు ఈ దారిన కనిపిస్తాయి. 1921లో ప్రారంభమైన విక్టోరియా మెమోరియల్ పరిసరాలు, హుగ్లీ ఒడ్డున ప్రిన్సెప్ ఘాట్ నుంచి ఉత్తరంగా సాగే నదీతీరపు బాట కూడా వారికి ఇష్టమైన మార్గాలే.

తవ్విన చెరువు, చుట్టూ బాట

దక్షిణ కోల్‌కతా వాసులకు రవీంద్ర సరోవర్ ముఖ్యమైన ఆధారం. ఇది సహజమైన సరస్సు కాదు. 1920వ దశకంలో కలకత్తా ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు దీన్ని తవ్వించింది. మొదట ధాకురియా లేక్‌గా పిలిచేవారు, 1958లో రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు పెట్టారు. సుమారు 190 ఎకరాల ఆవరణలో 73 ఎకరాలు నీరే. పెద్ద చెట్ల నీడలో నీటి వెంట సాగే బాటపై వాహనాల బెడద ఉండదు.

ఈ ఆవరణ రక్షణ సులువుగా సాధ్యం కాలేదు. సరస్సులో ఛఠ్ పూజను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. అయినా 2019లో గేట్ల తాళాలు పగులగొట్టి మరీ భక్తులు లోపలికి ప్రవేశించారు. 2020లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా నిషేధం సడలలేదు. ఆ ఏడాది సరస్సు వద్ద పూజ జరగలేదు.

నగరం తూర్పువైపున సాల్ట్ లేక్‌లోని సెంట్రల్ పార్కు, న్యూటౌన్‌లో 2012లో ప్రారంభమైన ఎకో పార్కు, బేలెఘాటాలోని సుభాష్ సరోవర్ తరువాతి స్థానాల్లో నిలుస్తాయి. ఏ బాటను తీసుకున్నా అక్కడ ఎవరో ఒకప్పుడు నేలను ఖాళీగా ఉంచారు, లేదా చెరువు తవ్వించారు. అందువల్లే నేడు పరుగుకు చోటు దొరికింది.

పరుగుల పండుగ డిసెంబరులోనే ఎందుకు?

మే, జూన్ నెలల్లో కోల్‌కతాలో తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత 27 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువ కావడంతో పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంత నగరాల రన్నర్లకు ఇది అనుభవమే. ఇక జూన్ మధ్య నుంచి వానలు. దుర్గాపూజ ముగిసి, ఉదయపు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరికి దిగాకే దీర్ఘదూర పరుగుకు అనువైన కాలం వస్తుంది.

నగరంలోని ప్రధాన పోటీ టాటా స్టీల్ వరల్డ్ 25కె ఏటా డిసెంబరులో జరగడానికి కారణం ఇదే. 2014లో మొదలైన ఈ 25 కిలోమీటర్ల పరుగు రెడ్ రోడ్ నుంచి ఆరంభమవుతుంది. దీనికి వరల్డ్ అథ్లెటిక్స్ గోల్డ్ లేబుల్ గుర్తింపు లభించింది. 2023లో ఇథియోపియాకు చెందిన సుతుమే కెబెడే 1 గంట 18 నిమిషాల 47 సెకన్లలో పరుగు పూర్తిచేసి, మహిళల 25 కిలోమీటర్లలో ప్రపంచంలోనే అత్యుత్తమ సమయాన్ని నమోదు చేశారు. ఎత్తుపల్లాలు లేని దారి, చల్లని ఉదయం ఇటువంటి వేగానికి తోడ్పడతాయి.

తెల్లవారుజామే చెడ్డ వేళ

ఆ చల్లదనంతోపాటే సమస్య కూడా వస్తుంది. మామూలుగా నేల దగ్గరి వెచ్చని గాలి పైకి లేస్తూ పొగను, ధూళిని తనతో తీసుకుపోతుంది. చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. దానిపై వెచ్చని గాలిపొర మూతలా నిలుస్తుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. గాలి వీచే వేగమూ తగ్గడంతో వాహనాల పొగ, రోడ్ల దుమ్ము, నిర్మాణాల ధూళి, చెత్త కాల్చిన పొగ ఆ మూత కిందే చిక్కుకుంటాయి. సరుకు లారీలు నగరంలో ఎక్కువగా తిరిగేది కూడా రాత్రివేళే.

సూర్యుడు పైకి వచ్చి నేల వేడెక్కేదాకా ఈ మూత తొలగదు. చలికాలంలో సాధారణంగా గాలి కొంత తేరుకునేది మధ్యాహ్నం తరువాతనే. రన్నర్లు ఎంచుకునే తెల్లవారుజాము కాలుష్యం పేరుకున్న వేళ అవుతోంది. పొగమంచుగా కనిపించేదంతా మంచు కాదు.

ఇక్కడ ఆందోళన కలిగించేది పీఎం 2.5, అంటే 2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్నవైన ధూళికణాలు. ఇవి ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరతాయి. 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదన్నది భారత ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15 మైక్రోగ్రాములే. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. వేగంగా పరుగెత్తేటప్పుడు అది పదిరెట్లకు చేరుకోగలదు. పైగా ఊపిరి నోటితో తీసుకుంటారు కనుక ముక్కులోని సహజమైన వడపోత కూడా పనిచేయదు. అదే గాలిలో కూర్చున్న వ్యక్తికన్నా పరుగెత్తే వ్యక్తి ఊపిరితిత్తులకు చేరే మురికి ఎన్నో రెట్లు ఎక్కువ.

అలాగని పరుగు మానుకోవాలా?

అవసరం లేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నేతృత్వంలో 2016లో వెలువడిన ఒక అధ్యయనం ఈ లెక్కను పరిశీలించింది. పీఎం 2.5 సగటున 100 మైక్రోగ్రాములున్న చోట కూడా రోజుకు గంటన్నర దాకా సైకిల్ తొక్కడం వల్ల కలిగే మేలు, కాలుష్యం వల్ల కలిగే కీడుకన్నా ఎక్కువేనని తేల్చింది. ఆ గీత దాటితే కీడు పైచేయి అవుతుంది. పరుగులో ఊపిరి మరింత వేగంగా ఆడుతుంది కనుక ఈ లెక్కను అలాగే వర్తింపజేయలేం. అయినా సారం స్పష్టమే. అరగంట పరుగుకన్నా, 25 కిలోమీటర్ల పోటీ కోసం వారాంతంలో రెండు మూడు గంటలపాటు చేసే సాధన విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

కోల్‌కతా రన్నర్లకు ఒక వెసులుబాటు ఉంది. నగరంలోని స్వయంచాలిత గాలి నాణ్యతా కేంద్రాల్లో ఫోర్ట్ విలియమ్, విక్టోరియా, రవీంద్ర సరోవర్ వద్దనున్నవి సరిగ్గా పరుగుబాటల పక్కనే ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో ఆ సూచీలు కనిపిస్తాయి. వాటిని చూసి నిర్ణయం తీసుకోవచ్చు.

• సూచీ 100 లోపు ఉంటే ఆరోగ్యవంతులు యథావిధిగా సాధన చేయవచ్చు.

• 101–200 మధ్య ఉంటే ఆస్తమా, గుండె జబ్బులున్నవారు వేగం, సమయం తగ్గించుకోవడం మేలు.

• 201–300 మధ్య ఉంటే అందరూ సుదీర్ఘ సాధనను వాయిదా వేసుకోవడం మంచిది.

• 300 దాటితే ఆరుబయట శ్రమ మాని, ఇంటిలోపల వ్యాయామానికి మళ్లాలి.

పెద్ద రోడ్డు అంచున కాకుండా లోపలి బాటను ఎంచుకోవడం, చలికాలంలో సుదీర్ఘ సాధనను పొద్దెక్కాక పెట్టుకోవడం కూడా కొంత రక్షణ ఇస్తాయి. దగ్గు, ఛాతీ బిగుతు, పిల్లికూతలు కనిపిస్తే పరుగు ఆపి వైద్యుణ్ని సంప్రదించాలి.

న్యాయస్థానాల దాకా వెళ్లిన గాలి

మైదానం గాలి గురించి నగరంలో చర్చ కొత్తది కాదు. పర్యావరణ కారణాలపై కలకత్తా హైకోర్టు ఉత్తర్వుతో 2007లో ప్రఖ్యాత పుస్తక మేళా మైదానాన్ని విడిచి సాల్ట్ లేక్ స్టేడియానికి తరలింది. విక్టోరియా మెమోరియల్‌కు పొగ బెడద తగ్గించేందుకు ఎస్ప్లనేడ్ బస్‌స్టాండ్‌ను తరలించాలని హైకోర్టు అదే ఏడాది ఆదేశించింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించినా తరలింపు ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. 15 ఏళ్లు దాటిన వాహనాలను కోల్‌కతా, హౌరా నగరాల్లో తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో ఆదేశించింది. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలోనూ కోల్‌కతా ఉంది. జోకా–ఎస్ప్లనేడ్ మెట్రో పనుల కోసం మైదానంలో చెట్ల తొలగింపు వివాదం కూడా న్యాయస్థానాలకు చేరింది. రన్నర్ తన వేళను మార్చుకోగలడు కానీ గాలిని మార్చలేడు. అది ప్రభుత్వాలు చేయవలసిన పని.

కొండబాట: నిర్మలమైన గాలి, పలచని ఊపిరి

మురికి గాలితో విసిగినవారి చూపు సహజంగానే ఉత్తరానికి మళ్లుతుంది. సియాల్దాలో రాత్రి రైలెక్కితే సుమారు 570 కిలోమీటర్ల దూరంలోని న్యూ జల్పాయ్‌గురికి తెల్లవారేసరికి చేరవచ్చు. అక్కడి నుంచి రోడ్డుదారిన మానేభంజన్ వెళ్లాలి. సింగలీలా పర్వతశ్రేణి బాట అక్కడే మొదలవుతుంది.

చిత్రే, మేఘ్‌మా, తుమ్లింగ్ గ్రామాల మీదుగా ఎక్కి, గైరీబాస్ వద్ద లోయలోకి దిగి, మళ్లీ కాలిపోఖ్రి మీదుగా ఎక్కితే సందక్‌ఫూ వస్తుంది. మొత్తం 30 కిలోమీటర్లకు పైబడిన దూరం. పశ్చిమ బెంగాల్‌లో ఇదే అత్యంత ఎత్తయిన స్థలం. ఆకాశం తేటగా ఉన్నప్పుడు కాంచనగంగ, ఎవరెస్ట్, లోత్సే, మకాలు శిఖరాలు ఇక్కడి నుంచి కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో దారిపొడవునా రోడోడెండ్రాన్ పూలు విరబూస్తాయి. ఎర్ర పాండాలకు ఆవాసమైన సింగలీలా జాతీయ ఉద్యానవనం ఇక్కడే ఉంది. వానాకాలంలో, అంటే జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా, దాన్ని మూసివేస్తారు. ఐదు రోజుల్లో 160 కిలోమీటర్లు పూర్తిచేసే హిమాలయన్ 100 మైళ్ల పరుగు 1991 నుంచి ఈ బాటలపైనే జరుగుతోంది.

అయితే మైదానంలో సంపాదించిన దారుఢ్యం ఇక్కడ పూర్తి భరోసా ఇవ్వదు. సందక్‌ఫూ ఎత్తులో వాయుపీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు మూడోవంతు మేర తగ్గుతుందన్నమాట. తెలుగువారికి తెలిసిన అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ ఈ సమస్య రాదు. సందక్‌ఫూ దానికి నాలుగింతలు.

జీపులో ఒక్కరోజులోనే పైకి చేరినవారికి ముప్పు మరింత ఎక్కువ. తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం, నిద్రలేమి ఎత్తుప్రదేశ అస్వస్థతకు తొలి సూచనలు. విశ్రాంతిలోనూ ఆయాసం తగ్గకపోయినా, అడుగులు తడబడినా ఆలస్యం చేయకుండా కిందికి దిగడమే చికిత్స. సందక్‌ఫూకు వచ్చిన పర్యాటకులు అస్వస్థతతో మరణించిన ఘటనలు ఇటీవలి సంవత్సరాల్లో నమోదయ్యాయి. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదన్నది వైద్యుల సాధారణ సూచన. తుమ్లింగ్ వంటి చోట ఒక రాత్రి ఆగడం, తొలిరోజుల్లో పరుగుకు బదులు నడకకే పరిమితం కావడం ఈ సూచనకు అనుగుణంగా ఉంటాయి.

కొండకు వెళ్లి వచ్చిన రన్నర్ మళ్లీ సాధన చేయవలసింది రెడ్ రోడ్ పైనో, సరోవరం ఒడ్డునో. ఏటా కొన్ని రోజుల కొండగాలి, మిగతా రోజుల మురికి గాలికి విరుగుడు కాదు. కోట కోసం ఖాళీ చేసిన నేలను నగరం రెండున్నర శతాబ్దాలుగా కాపాడుకుంటూ వచ్చింది. ఆ నేలపై ఆడే గాలిని కాపాడుకోవడం ఇక మిగిలిన కర్తవ్యం.